తవ్వెడు తవుడు

రాసుకుంటారా బాబూ, రాసుకోండి.
కుర్సీ నేదు, ఆ ఉప్పు బస్తా మీద కూకోండి,
తడిగుంటాది, పర్లేదు.

మీ పొత్తకంలో ఏడేళ్లు ఖాళీ ఉన్నాయంట గదా.
స్వాములోరు ఆ ఏడేళ్లూ మహేంద్రగిరి మీద
గాలి మేసి తపస్సు సేసారని నింపీసారంట.
మంచిదే. గాలి మేసినోడి కడుపు నాకు తెలుసు.

ఆడికి ముందు ముగ్గురు పోనారు.
నాలుగోవాడిని పురిటి వాసన ఆరకముందే
పెంటకుప్ప మీద పడుకోబెడితే
మాయమ్మ తవ్వెడు తవుడిచ్చి కొంది,
సావుకి ఆనవాలు దొరక్కుండా.
పొద్దుగూకేసరికి తిరిగి ఆళ్లమ్మ ఒళ్లోనే ఎట్టీసింది.
తవిటయ్య. అదీ పేరు.
మీరు ఎట్టిన పేరు నాకు నోరు తిరగదు.

పదకొండో ఏట తెలిసిందాడికి.
నౌపడ కొఠారులో ఉప్పు గోకతా గోకతా ఆగి
'అమ్మినోళ్లవోడినా, కొన్నోళ్లవోడినా నాను?' అన్నాడు.
నవ్వినాను. ఆ నవ్వు రాయకండి.
తెల్లారేసరికి ఎల్లిపోనాడు.

పలాసలో జీడిగింజలు కొట్టాడంట,
జీడినూనెకి పది వేళ్ల ముద్రలూ కాలిపోనాయి.
ఇప్పుడా అరసేతుల బొమ్మకే గదా మీరు దండాలెడతారు,
గీతల్లేని సేతులు, తలరాతని గెలిసినోడని.
సాలూరు లారీల కింద గ్రీజు.
నెల్లిమర్ల జూట్‌మిల్లులో రేతిరి డూటీ, నార దుమ్ము,
లాకౌటైతే గేటుకాడ పదహారు రోజులు.
సీతంపేట కొండల్లో ఓ సవరాయన మేకలు కాసి
మలేరియాకి ఒణుకుతా పడున్నాడు.
అదేనేమో మీ తపస్సు.
మధ్యలో ఓ ఏడాది నాకూ తెలీదు,
అక్కడ మీకు నచ్చింది రాసుకోండి.

గాలివాన రేతిరి ఒచ్చాడు.
కొఠార్లన్నీ సముద్రమైపోనాయి,
మా పాకలో పదిమందిమి, పొయ్యి మీద ఏటీ నేదు.
తడిసిన తువ్వాలు ముడి ఇప్పి మాయమ్మ ముందు
గుప్పెడు తవుడు పోసాడు.
'బాకీ తీరీసినాను. ఇప్పుడు నాను ఎవులోడిని?'
'ఎర్రోడా, ఆనవాలు సేతిలో ఎట్టుకుని తిరిగేవా' అని
అమ్మ తిట్టి, బెల్లంగడ్డతో పిసికి రొట్టి కాల్చింది.
పదకొండు ముక్కలు.
శానాసేపు నములుతానే ఉన్నాడు.
ఏడుపో నవ్వో, దీపం నేదు, అవుపళ్లేదు.

ఇప్పుడు మీ మఠంలో ఆ రొట్టికి నెయ్యి, జీడిపప్పు,
టిక్కెట్టు ఇరవై.
దేవుడో కాడో నాకేటెరిక.
నా లెక్క ఒకటే:
మాయమ్మ ఇచ్చింది తవ్వెడు, ఆడు తెచ్చింది గుప్పెడు.
మిగతాది తీరేదాకా ఆడు మీవోడు కాడు.

రాసారా?
లెగండి మరి, ఆ బస్తా తూకానికి ఎల్లాలి.