ప్రూఫు చూడని వాక్యం

చిత్తూరు చర్చి వీధిలో
మెట్ల కింద నా డీటీపీ కొట్టు.
ఏకాంబరం సారు పుస్తకాలు ఏడూ
ఈ రెండు చేతులే కొట్టినాయి.
ఆయన 'శ'కీ 'ష'కీ తేడా
నేనే చూసుకునేవాణ్ణి.
వాక్యం కుంటితే కాలు సర్దేవాణ్ణి.
ముందుమాటలో నాకు ఒక పంక్తి కృతజ్ఞత,
దాంట్లో నా పేరు తప్పు.
అదొక్కటి దిద్దలేదు, సిగ్గేసి.

ఆయనకు పేరు తెచ్చిన కథ
పల్ప్ ఫ్యాక్టరీ ఆడోళ్ల చేతుల మీద.
మామిడి సొన కాల్చిన కుడిచేతి వేళ్లు,
అన్నం కలిపితే ఉప్పు తగిలి మండే వేళ్లు.
టైపు చేస్తా చేస్తా లేచిపోయి
కొళాయి కింద మొహం కడుక్కున్నాను.
మా అమ్మ మొగిలమ్మ వేళ్లవి.
సారుకు చెప్పలేదు.
తెలిసే రాసినాడు అనుకున్నా.

మొన్న బెంగుళూరు కాయల సీజన్లో
రెండు నెలల కూలి బాకీ అడుగుతా
గుడిపాల రోడ్డు మీద కూర్చున్నారు వాళ్లు.
మూడో వరసలో మా అమ్మ.
సారు కారు గంటన్నర ఆగింది.
తిరుపతిలో శాలువా ఎదురుచూస్తా ఉంది.
కారులోనే, బొటనవేలితోనే
ఫేస్‌బుక్కులో పెట్టేసినాడు:
"అద్దాలు ఎక్కించినా ఆగని కుళ్లు కంపు.
వీళ్లకు కూలి తర్వాత,
ముందు సబ్బు బిళ్లలు పంచండి."

అక్షరదోషం ఒక్కటీ లేదు.
మొదటిసారి నేను లేకుండా
తప్పు లేకుండా రాసినాడు.

తెల్లారేసరికి ఊరు లేచింది.
గాంధీ బొమ్మ దగ్గర దిష్టిబొమ్మ,
సారు గేటు ముందు సబ్బు బిళ్లల గుట్ట.
లాడ్జీల్లో ఇచ్చే చిన్నవి,
సంతలో దొరికే బట్టల సబ్బులు,
గంధం వాసన ఖరీదువి కూడా.
సాయంత్రం వాన పడింది.
వీధంతా నురగ.
పిల్లకాయలు జారి ఆడుకున్నారు.

ఖండన ఫ్లెక్సీ నా దగ్గరికే వచ్చింది.
"రచయత" అని రాసుకొచ్చినారు,
"రచయిత" అని దిద్దినాను.
తెచ్చిన పిల్లోడు అడిగినాడు:
"అన్నా, కాల్చేదానికి పుస్తకాలుంటే ఇస్తావా?"
అమ్ముడుపోనివి అటక మీద నూటా నలభై.
"చదివినావా?" అన్నా.
"కాల్చేదానికి చదవల్లనా?" అన్నాడు.
వాళ్లమ్మదీ అదే ఫ్యాక్టరీ.
వాడి మాటలో న్యాయం ఉందో లేదో
ఇప్పటికీ తేల్చుకోలేదు.
ఐదు ఇచ్చినాను.
ఆ కథ ఉన్న పుస్తకం మాత్రం కాదు.

రాత్రికి ఫోన్లలో ఇంకో ఫోటో తిరిగింది.
సారు కూతురు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి.
దాని కింద రాసిన మాటలు
నా కీబోర్డు ఎప్పుడూ ఎరగనివి.
ఆ మాటలకు ఎవరూ
సబ్బు పంపలేదు.

పదకొండింటికి వాట్సాప్‌లో సారు గొంతు:
"ఒక క్షమాపణ కొట్టిపెట్టు నాయనా,
చేతులు వణుకుతున్నాయి.
నా మాటలు ఎవరి మనసునైనా
నొప్పించి ఉంటే..."

"ఉంటే" దగ్గర నా వేలు ఆగింది.
ఇరవై ఏళ్లు దిద్దిన దీర్ఘాలూ ఒత్తులూ ఒకెత్తు,
ఈ రెండక్షరాలు ఒకెత్తు.
చెరిపినాను.
"నొప్పించినాను" అని పెట్టి
ప్రూఫు పంపినాను.
రెండు నీలం టిక్కులు పడినాయి.
అంతే.

ఇంటికి పోతే అమ్మ మేలుకునే ఉంది.
"సబ్బులు పోసినారంట గదరా ఆయప్ప వాకిట్లో,
అన్నీ వానకు కరిగిపాయనంట.
ఆ దుడ్డు మా చేతిలో పెట్టింటే
సగం బాకీ తీరుండు."
"ఆయప్ప మీ చేతుల మీద కథ రాసినాడు మా" అన్నాను.
"ఏదీ, చదువు" అనింది.

చదివినాను.
గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినింది.
అయిపోయినాక చానాసేపు పలకలేదు.
"బాగనే రాసినాడు" అనింది.
ఎడమ చెయ్యి దీపం కిందకు చాపింది,
నల్లగా, పొరలు లేచిన వేళ్లు.
"కత్తి కుడిచేతిలో ఉంటాది గదరా.
కాయ పట్టుకునేది ఈ చెయ్యి,
సొన కారేది దీనిమీద.

నువ్వన్నా చూసుకోలేదా?"