ఒంటె మూపురం

పొద్దున నీలంది, సాయంత్రం బూడిదరంగుది.
జూబ్లీహిల్స్ షోరూముల మధ్య మూడు రోజులు
నోటుబుక్కులో నిలువుగీత గీసి రాసుకున్నాను:
హార్స్‌పవర్, వారంటీ, ఈఎంఐ.

నీలంది సున్నా నుంచి వందకు ఆరు సెకన్లట.
ఖాజాగూడ సిగ్నల్లో నాలుగు నిమిషాలు
ఇద్దరం సున్నా దగ్గరే ఉన్నాం.

వెనకసీటు దేంట్లోనైనా ఒకటే,
ఓ పుచ్చకాయ పడుతుంది.
"పిల్లలెంతమంది మేడం?" అన్నాడు సేల్స్ కుర్రాడు ప్రణీత్.
పుచ్చకాయ చాలన్నాను.

చివరికి మా గల్లీ స్పీడ్‌బ్రేకరే తేల్చింది,
కార్పొరేటర్ ఇంటి ముందు, ఒంటె మూపురమంత.
నీలంది కడుపు గీరుకుని కీచుమంది,
తప్పంతా నాదేనన్నట్టు.
బూడిదరంగుది ఒక్క మూలుగు మూలిగి
దిగి, తన దారిన పోయింది.

యాభై మూడేళ్ల నా మోకాళ్లకు
ఆ మూలుగు తెలుసు.
చెక్కు రాసేశాను.

నోటుబుక్కులో మాత్రం
ఇప్పటికీ నీలందే ముందుంది.