రోహిణి కార్తెలో ఓవర్‌క్లాకు

రోళ్లు పగిలే ఎండ.
కావలి ట్రంకురోడ్డులో షట్టరు సగం దించి
ప్రాసెసరుని ఇంకో వంద మెగాహెర్ట్జు ఎక్కిస్తన్నా.

పాత చిప్పుతో ఎమ్యులేటరు
మడుగులో బర్రె నడిచినట్టు నడిచేది.
ఆటలో పాట సాగి సాగి
సెల్లయిపోయిన టేప్‌రికార్డరయ్యేది.
మొన్న మద్రాసెళ్లి
మూడువేల రెండొందలకు బేరమాడి
పినాకినిలో, ఒళ్లో పెట్టుకుని తెచ్చినా దీన్ని.
గూడూరు దాకా నిలబడే.

తొంభై రెండు డిగ్రీలు.
రెండుసార్లు నీలం తెర. మూడోసారి అదీ లేదు.
వోల్టేజి చిటికెడు వేసి, రుచి చూసి,
అర చిటికెడు వెనక్కి తీసినా
(పులుసులో ఉప్పయితే తీయగలమా).
ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ
క్యాబినెట్టుకే తిప్పినా.
నా చొక్కా సంగతి అడగొద్దు.

అరవై ఫ్రేములు!
సినిమాహాలు వెనక సందులో
అరగంటకి ఐదు రూపాయలిచ్చి ఆడిన పరుగే,
అదే పాట, అదే తొందర,
వెనక నిలబడి "నా వంతు, నా వంతు" అనేవాళ్లు తప్ప.

దూకమని వేలికి చెప్పేలోపు
బొమ్మ గుంతలో పడింది.
మళ్లీ పడింది.
మొదటి గుంతే అది,
అప్పట్లో కళ్లు మూసుకుని దాటేవాణ్ణి.

స్టూలు మీద కూచుని ఐసు పుల్ల చీకుతా
మా అక్క కొడుకు కాలేషా
చాలాసేపు చూసి అడిగినాడు:
"స్పీడు కాస్త తగ్గించేదా, మామా?"