ఇరవయ్యారు మెత్తలు

దేవరకొండ తొవ్వల, వాగు దాటినంక,
మా మల్రెడ్డి పటేలు గొడ్ల కొట్టం
ఇప్పుడు ఇరవయ్యారు పడకల విడిది.
హైదరాబాదోళ్లు శుక్కురారం రాత్రి దిగుతరు,
ఐతారం పొద్దుమీకి పోతరు.
తాళాలు నా మొలతాడుకే ఉంటయి.

పాత గోడ గట్లనే ఉండాలన్నది పటేలు మనుమరాలు మేఘన.
"రాయికి రంగు పుయ్యొద్దు" అని
మేస్త్రీ చేతిల కుంచె గుంజుకున్నది.
గాడి పొడుగూత చేతులు కడిగే తొట్టయింది,
ఏడు నల్లాలు.
కట్టుగొయ్యలకు తువ్వాలలు ఏలాడుతయి.
పెండకాలువ మీద అద్దం పరిచి
కింద బుగ్గలు పెట్టిండ్రు.
పెండకాలువకు బుగ్గలు!
మా అవ్వ ఉండి చూస్తె
పండ్లు లేని నోటితోని మూడు దినాలు నవ్వు.

నడిమి రాతికడీకి నడుమెత్తున ఒక పల్లం,
అద్దమోలె నున్నగ.
వచ్చినోళ్లు వచ్చినట్టు అరచెయ్యి పెట్టి రాస్తరు,
"ఎవరు చెక్కిండ్రు ఇది?" అంటరు.
దురద చెక్కింది అంటె నవ్వుతరు.
నిజమే చెప్పిన.
మైలెద్దు మెడ, అంతకుముందు దాని తల్లి మెడ,
నలభై ఏండ్ల దురద.

అన్నింటికన్న కిరాయెక్కువ అటుకకు.
కొత్తగ పెండ్లయినోళ్లు అడిగి తీసుకుంటరు.
చెక్కమెట్లు, తెల్ల దోమతెర,
కిటికీల నుంచి డిండి దిక్కు గుట్టలు.
ఒక్క రాత్రికి ఎంతనో మేఘన ఫోనుల చూపిస్తె
సున్నలు లెక్కపెట్టిన,
మళ్ల లెక్కపెట్టిన.
ఆడ నేను ఆరేండ్లు పండుకున్న.
తొమ్మిదో ఏట జీతం కుదిరిన:
ఏడాదికి పల్లెడు జొన్నలు, ఒక గొంగడి, చెప్పుల జత.
చెప్పులు రెండో ఏడు ఇయ్యలే.
ఎండుగడ్డి వెచ్చదనం ఒకటి,
కింద గొడ్ల ఊపిరి వెచ్చదనం ఒకటి,
నడుమ నేను.
చలికాలం అదే బాగుండె, అబద్ధమెందుకు.

విడిది మొదలుపెట్టక ముందు
"ఈదయ్య తాతా, ఒక్క రాత్రి నువ్వు పండుకొని చూడు,
పంకా చప్పుడైతదేమో చెప్పు" అన్నది మేఘన.
చీకట్ల ఎక్కిన.
ఆఖరి మెట్టు కాడ నా తల దానంతటదే వంగింది.
ఆడ ఒక దూలం ఉంటది.
నేను మరిచిన. మెడ మరువలే.
వచ్చినోళ్లల్ల రోజుకిద్దరన్న కొట్టుకుంటరు,
ఐసుగడ్డలు నేనే తెచ్చిస్త.
పరుపు మీద ఒరిగితె బురదల దిగబడ్డట్టయింది.
తెల్లారి "నిద్ర పట్టిందా తాతా?" అంటె
"పంకా మంచిగనే ఉన్నదమ్మా" అన్న.
పట్టలే. చప్పుడు లేక పట్టలే.

పోయిన మిరుగుకు బ్యాంకోళ్లు వచ్చిండ్రు,
ఆడిట్ అయిపోయిన సంబురం.
మటను, జొన్నరొట్టె, పాటల డబ్బా.
అర్ధరాత్రి వాన కొట్టింది, ఏడాదిల మొదటి వాన.
తడిసిన గోడ నోరు తెరిచింది.
ఎన్నేండ్లదో ఉచ్చ, పాలు, గడ్డి, చెమట
సున్నం అడుగు నుంచి లేసి నిలబడ్డయి.
మేనేజరు సారు ముక్కు మూసుకొని
"ఏందీ వాసన, డ్రైనేజీ పలిగిందా?" అని అరిచిండు.
మల్లెపూల వాసన సీస పట్టుకొని ఉరికిన,
కొట్టినట్టు చెయ్యి ఆడించిన,
కొట్టలే.
కళ్లద్దాలామె ఒకామె, క్యాషియరట,
మెత్త ఒళ్లె పెట్టుకొని లేచి కూసున్నది,
ముక్కు పైకెత్తింది.
"సూడి బర్రె ఉండెనా ఈడ?"
ఉండె అన్న.
"ఏ మూలకు?"
ఆమె పడక ఉన్న మూలకే.
ఆమె కాళ్లు దగ్గరికి ముడుచుకున్నది,
బర్రెకు జాగ ఇడిసినట్టు.

అందరు సద్దుమణిగినంక కరెంటు పోయింది.
లాంతరు పట్టుకొని ఒక సుట్టు తిరిగిన, పాత అలవాటు.
ఒకటి, రెండు, మూడు... ఇరవై ఐదు.
మళ్ల ఎంచిన. ఇరవై ఐదే.
గుండె జల్లుమన్నది.
తప్పిపోయిన దూడకు వెనుకట
నా వీపు జవాబు చెప్పేది.
బయటికి ఉరికితె
మేనేజరు సారు అరుగు అంచుకు కూసోని,
అంగీ లేదు,
సూరునీళ్లు దోసిట్ల పట్టి ఇడుస్తున్నడు,
పట్టి ఇడుస్తున్నడు.
పిలుద్దమంటె పేరు తెల్వది.
"తో... తో..." అన్న, నోరు జారి.

లేచి, తల వంచి,
లోపలికి నడిచిండు.