ఎనభై మీద ఒక మాట

కంటోన్మెంటు వేలంలో కొన్నాం దీన్ని,
తొంభై ఆరు మోడల్ జిప్సీ.
తలుపు మీద కొత్త రంగు కింద
ఏదో రెజిమెంటు తెల్ల అంకెలు
ఎండ ఏటవాలుగా పడితే ఇంకా కనిపిస్తాయి.
నీళ్ళ పరీక్షల ల్యాబుకి
ఇంతకన్నా ఏం కావాలన్నాడు మా ఆఫీసరు.

ఆయన అందులో ఎప్పుడూ కూర్చోలేదు.

మర్రిగూడ అవతల బండరాళ్ళ మీద
మేకలా ఎక్కుతుంది, కాదనను.
ఔటర్ ఎక్కిందా,
డెబ్భై దగ్గరే స్టీరింగుకి చలిజ్వరం.
నెత్తిన కాన్వాసు గుడ్డ
పెళ్ళి పందిరి గాలికి లేచినట్టు ఒకటే టపటప.
కమాను పట్టీలు ప్రతి గుంతనీ
మా వెన్నుపూసలకి లెక్కగట్టి అప్పజెప్పేవి.
ఇబ్రహీంపట్నం చేరేసరికి
ఇరవై నాలుగు సీసాల్లో మూడు పగిలేవి.
పగిలిన సీసా అంటే మళ్ళీ ఆ ఊరే,
మళ్ళీ ఆ బోరు దగ్గర
పళ్ళ మీద పసుపు చారలున్న ఆ పిల్లవాడి నవ్వే.

పక్క సీట్లో బాలమణి.
పదకొండేళ్ళుగా సీసాల పెట్టెని
మోకాళ్ళతో అదిమి పట్టుకుని.
మాట్లాడే మనిషి కాదనుకున్నాను.

ముషీరాబాద్‌లో జబ్బార్ సాబ్ షెడ్డు.
నేను రాసుకెళ్ళిన చిట్టీ చూసి
పెద్ద టైర్లన్న మాట దగ్గర
చాయ్ గ్లాసు కింద పెట్టాడు.
"పెద్ద టైర్లు నక్కో అమ్మా.
గేర్లు పాతవి, బూట్లు కొత్తవి అయితే
ఐదో గేరు ఉత్త అలంకారం.
ముందు దీని మీంచి ఏం తీసెయ్యాలో అడుగు."

తీసేశాడు,
వెనక కట్టలోంచి ఒక్కొక్క పట్టీ.
మిగిలిన వాటి మధ్య గ్రీజు,
ఎండి చిట్లిన బుష్‌ల చోట కొత్త రబ్బరు.
స్టీరింగు కడ్డీకి అడ్డంగా
సైకిల్ పంపులాంటిది ఒకటి బిగించి
"ఇగ వణకదు, వణికితే నా చెయ్యి వణికినట్టే" అన్నాడు.
ఆ చెయ్యి వణుకుతూనే ఉంది, షుగరు.
రాణీగంజ్‌లో ఎవరి దగ్గరో
రెండు గట్టి మూతలు పట్టుకొచ్చాడు ముందు చక్రాలకి:
మట్టిలో దిగి తిప్పితే నాలుగూ లాగుతాయి,
తారు మీదికొచ్చి విప్పితే
ముందువి రెండూ ఊరికే దొర్లుతాయి.
గుడ్డ పోయి రేకు టాపు వచ్చింది.
నేల మీద, తలుపుల్లో, ఇంజను గోడకి
మందపాటి నల్ల నమదా.

తలుపు మీద అంకెలు చెరిపెయ్యమంటావా అన్నాడు.
ఉండనీ అన్నాను, ఎందుకో తెలీదు.
బిల్లు చూసి ఆఫీసరు
"ఇంత పెడితే..." అని ఆగిపోయాడు.

మొన్న శుక్రవారం,
చీకటి పడ్డాక తిరుగుప్రయాణం.
బొంగుళూరు గేటు దగ్గర దిగి
రెండు మూతలూ విప్పి, చేతులు పైటకి తుడుచుకుని
ఔటర్ ఎక్కించాను.
అరవై. డెబ్భై.
స్టీరింగు నిద్రపోతున్న దూడలా ఉంది చేతుల్లో.
ఎనభై.
వెనక లారీ హారన్ కొట్టలేదు, మొదటిసారి.

అప్పుడు ఏదో వినిపించింది.
రేడియో లేదు మా బండిలో.

"... ఎర్రగండ్లపల్లి, బడి బోరు.
ఎర్రగండ్లపల్లి, సత్తెమ్మ ఇంటెనక బావి.
శివన్నగూడెం, ట్యాంకు.
శివన్నగూడెం, నడుమొంగిన ముసలాయన చేతిపంపు..."

సన్నగా, జపంలా,
సీసా సీసాకీ వేలు తాకిస్తూ
బాలమణి.

ఎన్నేళ్ళ నుంచో
ఆ గాలిలో, ఆ టపటపలో.

"ఏమన్నావు?" అన్నాను.

"ఏం లేదు మేడం,
ఎప్పుడూ అనేదే."

ఎనభై మీదే ఉంచాను.
ఇరవై నాలుగూ వినాలని.