తలుపు నువ్వే తియ్యాలి

టాంపెరేలో నవంబరు. మూడున్నరకే పొద్దు గూకింది.
ఒకప్పుడు నూలు వడికిన మిల్లులో
మూడో అంతస్తు అద్దెకు తీసుకుని
నలుగురం భయం వడుకుతున్నాం.

మా రాక్షసుడికి రెండేళ్లు పట్టింది.
తూక్కా వాడికి పదకొండు వేళ్లు గీశాడు,
దవడ కింద ఇంకో దవడ.
ఎముకలు విరిగే చప్పుడు కోసం నేను
సెలరీ కాడలు కట్టలు కట్టలు విరిచాను,
తడి తోలుకోటు గచ్చు మీద ఈడ్చాను.
విరిగిన సెలరీ అంతా
వారం రోజులు సూపులో తిన్నాం.

ఆడి చూసే మనుషులు కావాలని
లైబ్రరీ గోడకి కాగితం అంటిస్తే
హెల్లెవి వచ్చింది. డెబ్బై మూడేళ్లు.
ముప్ఫై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో రాత్రి నర్సు.
కంట్రోలరు ఎప్పుడూ పట్టుకోలేదంది.
జారుడు మంచు మీద నడిచే పాదాల్లా
బొటనవేళ్లు ఆచితూచి కదిపింది.

అరగంట గోడలకి గుద్దుకుంది.
రాక్షసుడు కప్పులోంచి ఊడిపడ్డాడు.
మేం ఊపిరి బిగబట్టి ఆమె మొహం చూస్తున్నాం.
"పాపం, ఈ కుట్లు ఎవరు వేశారో గానీ
చేతకాని పని" అంది.
రైమో పుస్తకంలో ఏదో రాసి, కొట్టేశాడు.

ఆ తర్వాత నడవా.

ఒట్టు, అందులో మేమేం పెట్టలేదు.
డబ్బులైపోయి ఖాళీగా వదిలేసిన నడవా.
బూడిద రంగు గచ్చు, చివర ఒక తలుపు,
తలుపు మీద చిన్న ఎర్ర దీపం.
గంట కూడా మా వంటమూల మైక్రోవేవుదే,
కొంచెం సాగదీశానంతే.

దీపం వెలిగింది. గంట మోగింది.
హెల్లెవి ఆగిపోయింది.

ఒక నిమిషం. రెండు.
తెర మీద ఏదీ కదలదు.
కిటికీ అవతల తమ్మెర్‌కోస్కి నీళ్లు
చీకట్లో రాళ్లకి కొట్టుకుంటున్నాయి.

"బటన్ పని చెయ్యట్లేదా?" అడిగాను.
"చేస్తుంది. అదేగా బాధ.
సినిమాలో నేను కళ్లు మూసుకుంటే
కథ నన్ను దాటుకుని పోతుంది.
ఇక్కడ మూసుకుంటే
ఇదీ ఆగుతుంది.
నేను తెరిచేదాకా నా కోసం నిలబడుతుంది."

ప్రాణం అరచేతిలో పెట్టుకుని అంటారే,
ఆమె అరచేతుల్లో అది నిజంగానే కొట్టుకుంటోంది.
చిన్న మోటారు, నిమిషానికి తొంభై ఆరు.
మేం పెట్టిందే.
ఆమె వేళ్ల వణుకు మాత్రం మాది కాదు.

"డెబ్బై ఎనిమిది చలికాలం. ఏడో నంబరు గది.
గంట మోగింది. అప్పుడే కాఫీ పోసుకున్నాను.
ఒక్క గుక్క తాగి వెళ్దామని..."

మిగతాది చెప్పలేదు.
మేం అడగలేదు.

గంట మళ్లీ మోగింది. ఆమె నొక్కింది.

లోపల ఒక మంచం.
తూక్కా ఇంకా రంగు వెయ్యని దుప్పటి,
గులాబీ గళ్లూ నల్ల గళ్లూ,
బొమ్మ దొరకనప్పుడు కంప్యూటరు పరిచే అతుకు.
మనిషి లేడు. రాక్షసుడూ లేడు.
నేనైతే సిగ్గుతో చచ్చిపోయాను.
ఆమె ఆ గళ్ల దుప్పటి ముందు
చాలాసేపు నిలబడింది.
కిటికీ దాకా వెళ్లింది. తిరిగొచ్చింది.
గడప దాటాక అడిగింది:
"తలుపు చప్పుడు కాకుండా మూసే బటన్ ఏది?"

తెరిచే బటన్ ఉంది. తన్నే బటన్ ఉంది.
పరిగెత్తడానికి, దాక్కోవడానికి, కాల్చడానికి ఉన్నాయి.
అది లేదు.
ముగ్గురం తూక్కా వైపు చూశాం.
తూక్కా తన చేతుల వైపు చూసుకున్నాడు.

ఆమె కోటు తొడుక్కుని, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని,
రాక్షసుడి కుట్ల కింద చీము పట్టొచ్చు
చూసుకోండని చెప్పి
మెట్లు దిగి వెళ్లిపోయింది.

రైమో సూపు వేడికి పెట్టాడు.
కాసేపటికి వంటమూలలో గంట కొట్టింది.

నలుగురం ఉన్నాం గదిలో.
ఎవరూ లేవలేదు.