ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు

తడ దాటినాక మళ్లీ మొదలెట్టింది.
తెల్లపొగ, కళ్లల్లో కారం చల్లినట్టు.
గుమ్మిడిపూండి వంతెన ఎక్కేటప్పుడు
ఎనిమిది టన్నుల గూడూరు నిమ్మకాయలు
నా వీపు మీదే ఉన్నట్టు
రెండో గేర్లో మూలిగింది బండి.

తొంభైనాలుగు మోడల్ లేలాండు.
బంపరుకి ఓనరు చెల్లెలు కట్టిన దిష్టి నిమ్మకాయ.
లోపలన్ని బస్తాలుండంగా
బయట వేలాడే ఆ ఒక్కటే ఏం కాపాడుద్దని
క్లీనరు మస్తాను నవ్వతానే ఉంటాడు.

మాధవరం షెడ్లో దేవసగాయం మేస్త్రీ
బానెట్టు ఎత్తలేదు.
టీ గ్లాసుతో సైలెన్సరు పక్కన కూచున్నాడు,
పక్కింటి గొడవ వింటున్నవాడిలా తల వంచి.
ఎడమ చెవి పనిచెయ్యదు ఆయనకి.
నలభై ఏళ్లు ఇంజన్లకి అప్పిచ్చిన చెవి,
వసూలు కాలేదు.

"ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.
ఈ వరసలో పలకాల ఆరుగురూ.
ఎవడో ఒకడు నోరు మెదపట్లా.
ఎప్పట్నించి?"
పది రోజులైందేమో, అన్నా.
నాయుడుపేటలో నాజిళ్లు మార్పించినట్టూ
సూళ్లూరుపేటలో ఫిల్టరు మార్పించినట్టూ
దేవుడి పటం వెనకనించి బిల్లులు తీసి చూపించా.
ఆయన బిల్లులు చూళ్లేదు.

పదిహేడో నంబరు స్పానరు.
ఒకటో పైపు నట్టు వదులు చేశాడు:
డీజిలు ఉమ్మింది, ఇంజను తూలింది.
బిగించాడు, నిలదొక్కుకుంది.
రెండోది, తూలింది.
మూడోది, తూలింది.
నాలుగోది వదులు చేస్తే
డీజిలు కారింది, అంతే.
ఇంజను తన మానాన తను
అదే కుంటినడక.
"తీసేస్తే బాధపడాల కదా," అన్నాడు,
"పడలేదంటే అదే."

రేకు మీద వేళ్లతో కొట్టి చూపించాడు మస్తానుకి:
ఒకటి అయిదు మూడు ఆరు రెండు

ఒకటి అయిదు మూడు ఆరు రెండు

ఆ ఖాళీ దగ్గర మస్తాను ఊపిరి బిగబట్టడం చూశా.

నాలుగో ఇంజెక్టరు రెండోదాంట్లోకి,
రెండోది నాలుగోదాంట్లోకి.
రోగం దానిదైతే
దాంతోపాటు ఇల్లు మారాల.
మారలా.
"ఎప్పట్నించి?"
ఎండాకాలం నించీ, అప్పుడప్పుడూ...
"అప్పుడప్పుడూ కాదు నాయినా.
ఒక రోజు. ఒక గంట."

అప్పుడు పైమూత తీశాడు.
పన్నెండు పుష్‌రాడ్లు పీకి గుడ్డతో తుడిచాడు.
పక్క సెలూన్లోంచి అద్దం తెప్పించి బల్ల మీద పడుకోబెట్టి
ఒక్కో కడ్డీ దొర్లించాడు.
నా మొహం మీదుగా పోతున్నాయి, నున్నగా, చప్పుడు లేకుండా.
నాలుగో సిలిండరుది
దొర్లి, ఎగిరి, దొర్లి,
నా గడ్డం దగ్గర ఆగింది.

"గాలి తలుపు తెరవాల్సిన చెయ్యి ఇది," అన్నాడు,
"ఊరికే వంగదు. ఎవరో తరిముండాల."
మూడోసారి అడగలేదు.
అందుకే చెప్పా.

రాపూరు కోన. వాన.
న్యూట్రల్లో దిగుతున్నా.
మలుపు దగ్గర బ్రేకు మెత్తగా లోపలికి పోయింది,
కాలిన వాసన.
దొరికిన మూడో గేరు గుద్దా.
సూది ఎరుపు దాటింది.
ఇంజను అరిచిన అరుపుకి మస్తాను నిద్రలేచి
అమ్మా అన్నాడు.
న్యూట్రల్లో దిగితే మిగిలే నాలుగు లీటర్లు
ఎవరి జేబులోకి పోతాయో చెప్పలేదు.
ఆయన వినపడని చెవి ఇటు తిప్పి
పాత ఇనుం కుప్పలో
ఇంకేదో చచ్చిన లారీ కడ్డీ వెతుకుతున్నాడు.

తెల్లారి ఆరింటికి స్టార్టు చేస్తే
ఒకటి అయిదు మూడు ఆరు రెండు నాలుగు.
మస్తాను వేళ్లు డోరు మీద లెక్కపెట్టాయి,
రెండుసార్లు తప్పి, మూడోసారి సరిగ్గా.

కోయంబేడు చేరేసరికి తొమ్మిది.
రేటు పడిపోయింది.
ఓనరు ఫోను: ఏమైందంట?
నాజిలు, అన్నా.

వంగిన కడ్డీ సీటు కింద పడేశా.
పారేద్దామనే.
బ్రేకు తొక్కినప్పుడల్లా
ముందుకొస్తుంది,
దొర్లి, ఎగిరి, దొర్లి.